వెబ్‌సైట్‌లో నడిచే లైబ్రరీ యాడ్-ఆన్‌లో ఎందుకు మొరాయిస్తుంది?

వెబ్‌సైట్‌లో ఏళ్లుగా నోరెత్తకుండా పనిచేసిన లైబ్రరీని తెచ్చి బ్రౌజర్ యాడ్-ఆన్‌లో (దీన్నే ఎక్స్‌టెన్షన్ అనీ అంటారు) పెట్టగానే, ఎర్రర్లు చూపించే కన్సోల్ ఎర్రబడుతుంది. "విండో ఈజ్ నాట్ డిఫైన్డ్" అంటుంది. నడుస్తున్నదే బ్రౌజర్‌లో, మళ్లీ విండో లేదంటుందేమిటని బుర్ర గోక్కోవడం యాడ్-ఆన్లు రాసేవాళ్లకి ఏదో ఒక రోజు తప్పదు.

ఈ తలనొప్పి ఈమధ్య బాగా పెరిగింది. ప్రతి యాడ్-ఆన్‌కీ మ్యానిఫెస్ట్ అని ఒక ఫైలు ఉంటుంది. పేరేమిటి, ఏ అనుమతులు కావాలి, ఏ ఫైలు ఎక్కడ నడవాలి అన్నవన్నీ అందులో రాసి ఉంటాయి. ఆ ఫైలు ఎలా ఉండాలో చెప్పే నియమాల్లో మూడో తరాన్ని, అంటే మ్యానిఫెస్ట్ వీ3ని, క్రోమ్ 2021 జనవరిలో వెర్షన్ 88తో తెచ్చింది. 2024 జూన్ నుంచి వీ2 యాడ్-ఆన్లను దశలవారీగా ఆపుతూ వచ్చి 2025లో ఆ తలుపు పూర్తిగా మూసేసింది. పాతవాటిని కొత్త పద్ధతికి మార్చే పనిలో పడ్డవాళ్లని సొంత కోడ్ కంటే తాము రాయని కోడ్ ఎక్కువ ఏడిపించింది. లైబ్రరీ అంటే అదే కదా, ఇంకొకరు రాసిపెట్టిన కోడ్.

బయటికి ఒకటే, లోపల నాలుగు గదులు

ఉదాహరణకి ఒక చిన్న యాడ్-ఆన్ రాస్తున్నాం అనుకుందాం. పేజీలో ఏదైనా ఇంగ్లీషు మాట మీద డబుల్ క్లిక్ చేస్తే పక్కనే ఒక చిన్న బుడగలో తెలుగు అర్థం చూపించాలి. దాని పని అంతే.

ఆ డబుల్ క్లిక్‌ని పట్టుకునేది కంటెంట్ స్క్రిప్ట్. చూస్తున్న పేజీలోకి వెళ్లి కూర్చునే కోడ్ ఇది. సర్వర్‌ని అడిగి అర్థం తెచ్చేది సర్వీస్ వర్కర్. ఇది తెర వెనక ఉంటుంది, దీనికంటూ కనిపించే పేజీ ఏదీ ఉండదు. టూల్‌బార్‌లో గుర్తు నొక్కితే కిందికి తెరుచుకునే పాపప్ మూడోది. అది మామూలు వెబ్ పేజీయే. సెట్టింగ్‌ల పేజీ పెట్టుకుంటే అదీ అలాంటిదే.

ఒక్కో గదిలో ఉండే సామాను వేరు. పాపప్‌లో విండో (బ్రౌజర్ కిటికీకి కోడ్‌లో ఉండే పేరు), డాక్యుమెంట్ (ఆ కిటికీలోని పేజీ), లోకల్ స్టోరేజ్ (సమాచారం దాచుకునే చోటు) ఉన్నాయి. సర్వీస్ వర్కర్‌లో ఈ మూడూ లేవు. సర్వర్‌తో మాట్లాడటానికి వెబ్‌లో చాలా ఏళ్లుగా వాడుతున్న ఎక్స్‌ఎంఎల్ హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ కూడా లేదు, దాని చోట ఫెచ్ ఉంది. వీ2 రోజుల్లో తెర వెనక ఉండేది బ్యాక్‌గ్రౌండ్ పేజీ. కనిపించకపోయినా అది నిజంగా పేజీయే కాబట్టి ఏ లైబ్రరీ తెచ్చి పడేసినా అక్కడ నడిచేది.

మిక్సీని తీసుకెళ్లి ప్లగ్ పాయింట్ లేని దేవుడి గదిలో పెట్టి, తిరగడం లేదు, పాడైపోయింది అంటే ఎలా ఉంటుంది? లైబ్రరీల మీద మనం చేసే ఫిర్యాదుల్లో సగం అలాంటివే. "ఈ లైబ్రరీ ఎక్స్‌టెన్షన్లలో పనిచేస్తుందా?" అని అడిగితే అవునన్న జవాబూ నిజమే, కాదన్న జవాబూ నిజమే. ఏ గదిలో అన్నది ముందు తేలాలి.

ఎర్రర్ చెబుతున్నది ఎవరు?

ఎర్రర్‌లో ఏముందో చదివే ముందు అది ఎవరి నోటి నుంచి వచ్చిందో చూస్తే సగం పని అయిపోతుంది. మన కోడ్ కంప్యూటర్‌లో ఫైలుగా ఉన్నప్పటి నుంచి బ్రౌజర్‌లో నడిచేదాకా మూడు చేతులు మారుతుంది.

మొదటిది బండ్లర్. మన ఫైళ్లనీ లైబ్రరీల ఫైళ్లనీ కలిపి ఒకటో రెండో పెద్ద ఫైళ్లుగా కట్టే పనిముట్టు. వెబ్‌ప్యాక్, వీట్, రోలప్ ఈ కోవలోవి. "మాడ్యూల్ నాట్ ఫౌండ్, కాంట్ రిజాల్వ్ క్రిప్టో" అని టెర్మినల్‌లోనే ఆగిపోయిందంటే బ్రౌజర్‌కి దీనితో ఇంకా సంబంధమే లేదు. సర్వర్ మీద నడిచే నోడ్ జేఎస్‌లో క్రిప్టో, బఫర్, పాత్ లాంటివి పుట్టుకతోనే ఉంటాయి. వెబ్‌ప్యాక్ 4 దాకా వాటికి బదులు నకళ్లను తనే అడగకుండా పెట్టేది. 2020 అక్టోబరులో వచ్చిన వెబ్‌ప్యాక్ 5 ఆ అలవాటు మానేసింది. నిన్నటిదాకా బిల్డ్ అయిన యాడ్-ఆన్ బండ్లర్ వెర్షన్ మార్చిన రోజే ఆగిందంటే కారణం చాలాసార్లు ఇదే.

రెండోది యాడ్-ఆన్‌ని లోడ్ చేసుకునే బ్రౌజర్. ఇక్కడి ఎర్రర్లకి జావాస్క్రిప్ట్‌తో పని లేదు. పేరు అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ఫైళ్లనీ ఫోల్డర్లనీ క్రోమ్ తన కోసం అట్టిపెట్టుకుంది. నెక్స్ట్ జేఎస్‌తో కట్టిన ప్రాజెక్టులో "_నెక్స్ట్" అనే ఫోల్డర్ తనంతట తాను తయారవుతుంది. దాన్ని చూసి క్రోమ్ మొత్తం యాడ్-ఆన్‌నే లోపలికి రానివ్వదు. కోడ్‌లో ఒక్క తప్పు ఉండదు, వచ్చిన చిక్కల్లా ఫోల్డర్ పేరుతోనే.

ఇక్కడే తెలుగులో పనిచేసేవాళ్లని తప్పుదారి పట్టించే ఎర్రర్ ఇంకొకటి ఉంది. కంటెంట్ స్క్రిప్ట్ ఫైలు "యూటీఎఫ్-8లో లేదు" అని చెప్పి క్రోమ్ లోడ్ చేయడం ఆపేస్తుంది. యూటీఎఫ్-8 అంటే అన్ని భాషల అక్షరాలనీ ఫైలులో రాసిపెట్టే పద్ధతి. మన అర్థాల యాడ్-ఆన్ నిండా తెలుగు అక్షరాలే కాబట్టి అనుమానం సహజంగానే వాటి మీదికి పోతుంది. ఫైలుని మళ్లీ మళ్లీ సేవ్ చేస్తాం, ఎడిటర్ సెట్టింగ్ మారుస్తాం. పాపం తెలుగు అక్షరాల తప్పేమీ లేదు, అవి యూటీఎఫ్-8లో హాయిగా ఇముడుతాయి. ఏదో ఒక లైబ్రరీలో యూ+ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ లాంటి సంకేతం ఉంటుంది. యూనికోడ్ ఏ అక్షరానికీ ఇవ్వకుండా పక్కన పెట్టిన స్థానం అది. లైబ్రరీ రాసినవాళ్లు దాన్ని బ్యాక్‌స్లాష్‌తో సంకేతంగానే రాశారు. ఫైలు సైజు తగ్గించే మినిఫయర్ ఆ సంకేతాన్ని అసలు అక్షరంగా మార్చి రాసేసింది. క్రోమ్ కంటికి నచ్చనిది అదొక్కటే. టెర్సర్ అనే మినిఫయర్‌లో ఆస్కీ అక్షరాలే, అంటే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, మామూలు గుర్తులే రాయమనే సెట్టింగ్ ఒకటి ఉంది. అది పెట్టగానే ఎర్రర్ పోతుంది.

మూడోది నడిచేటప్పుడు వచ్చే ఎర్రర్. అసలు కథలన్నీ ఇక్కడే.

ఆక్సియోస్‌ని దగ్గర నుంచి చూస్తే

సర్వర్ నుంచి సమాచారం తెచ్చుకోవడానికి చాలామంది కళ్లు మూసుకుని వాడే లైబ్రరీ ఆక్సియోస్. మన యాడ్-ఆన్‌లో అర్థం తేవడానికి పాత ప్రాజెక్టు నుంచి 0.21 వెర్షన్‌ని తెచ్చి సర్వీస్ వర్కర్‌లో పెట్టాం అనుకోండి. బిల్డ్ అయింది, లోడ్ అయింది. మాట మీద డబుల్ క్లిక్ చేయగానే "అడాప్టర్ ఈజ్ నాట్ ఎ ఫంక్షన్" అన్న ఎర్రర్.

మనం ఎక్కడా అడాప్టర్ అన్న మాటే రాయలేదు. ఆక్సియోస్ లోపలికి వెళ్లి చూస్తే విషయం తెలుస్తుంది. ఆ లైబ్రరీ బ్రౌజర్‌లోనూ నడవాలి, నోడ్‌లోనూ నడవాలి. అందుకని మొదలవగానే రెండు ప్రశ్నలు వేసుకుంటుంది. ఎక్స్‌ఎంఎల్ హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ ఉందా? ఉంటే ఇది బ్రౌజర్, దాన్ని వాడతాను. లేదా, ప్రాసెస్ అనే వస్తువు ఉందా? ఉంటే ఇది నోడ్, అక్కడి పద్ధతి వాడతాను. సర్వీస్ వర్కర్‌లో రెండింటికీ లేదనే జవాబు. మూడో ప్రశ్న ఎవరూ రాయలేదు. దాంతో, ఎంచుకున్న పద్ధతిని పెట్టుకోవాల్సిన అడాప్టర్ ఖాళీగా మిగిలిపోయింది, ఖాళీదాన్ని పిలవబోతే కుప్పకూలింది. రాసినవాళ్లని తప్పుపట్టలేం. వాళ్ల లెక్కలో ప్రపంచంలో ఉన్నవి రెండే చోట్లు.

1.0 తర్వాత వచ్చిన వెర్షన్లలో కారణం అదే అయినా కాస్త మర్యాదగా చెబుతుంది, ఈ రిక్వెస్ట్ పంపడానికి తగిన అడాప్టర్ లేదని. 2024లో వచ్చిన 1.7.0తో ఫెచ్ అడాప్టర్‌ని కూడా చేర్చారు. అక్కడికి సర్వీస్ వర్కర్ సమస్య తీరింది.

మరి లైబ్రరీలను తెచ్చిపెట్టే ఎన్‌పీఎమ్‌లో అప్‌డేట్ కొట్టినా ఎందుకు మారలేదు? ప్యాకేజీ ఫైలులో వెర్షన్ ముందు ఉండే "^" గుర్తు వల్ల. "^1.2.0" అని ఉంటే 2.0కి ముందు వచ్చే కొత్తవి ఏవైనా సరే అని అర్థం. సున్నాతో మొదలయ్యే వెర్షన్లకి మాత్రం రూల్ బిగుసుకుంటుంది. "^0.21.1" అని ఉంటే 0.21లోనే తిరుగుతుంది తప్ప 0.22కి కూడా వెళ్లదు, 1.7 సంగతి సరేసరి. అప్‌డేట్ విజయవంతంగా ముగిసిందన్న మాట చూసి అన్నీ కొత్తవే అనుకుంటే మోసపోతాం. ఒకదాని మీద ఒకటి ఆధారపడ్డ లైబ్రరీల చెట్టులో నిజంగా ఏ వెర్షన్ కూర్చుందో, ఎవరి వల్ల వచ్చిందో "ఎన్‌పీఎమ్ ఎల్‌ఎస్" అనే ఆదేశం చూపిస్తుంది. మనం ఆక్సియోస్‌ని పెట్టకపోయినా మనం తెచ్చిన ఇంకో లైబ్రరీ దాని పాత వెర్షన్‌ని చంకన పెట్టుకుని రావచ్చు.

ఆక్సియోస్ తీసేసి నేరుగా ఫెచ్ రాసుకుంటే పోలేదా అంటే, పోతుంది. ఒక్క తేడా ఉంది. సర్వర్ 404 (దొరకలేదు) అన్నా 500 (నాలో తప్పు జరిగింది) అన్నా ఆక్సియోస్ దాన్ని ఎర్రర్‌గా విసురుతుంది. ఫెచ్ అలా కాదు, జవాబు వచ్చిందంటే చాలు దాని దృష్టిలో పని అయినట్టే. స్థితి బాగుందా లేదా అన్నది మనమే అడిగి చూడాలి. ఆ లైను మరిచిపోతే నిఘంటువులో లేని మాట మీద క్లిక్ చేసినప్పుడు "అర్థం దొరకలేదు" అని రావాల్సిన బుడగలో ఏమీ ఉండదు. ఒక లైబ్రరీ గొడవ తీర్చబోయి కొత్త బగ్ తెచ్చుకోవడం ఇలాగే జరుగుతుంది.

వాక్యాన్ని కోడ్‌గా మార్చడం నిషిద్ధం

ఇంకో రకం ఎర్రర్‌లో "అన్‌సేఫ్ ఎవాల్" అన్న మాట కనిపిస్తుంది. ఎవాల్ అంటే మామూలు అక్షరాల వరసని అప్పటికప్పుడు ప్రోగ్రామ్‌గా నడిపించడం. వీ3లో యాడ్-ఆన్ పేజీల్లో ఇది కుదరదు. బయటి సర్వర్ నుంచి స్క్రిప్ట్ తెచ్చుకోవడమూ కుదరదు.

ఎవాల్ మనం వాడం కదా అనుకుంటాం. లైబ్రరీలు వాడతాయి. హ్యాండిల్‌బార్స్ టెంప్లేట్‌ని కంపైల్ చేసేటప్పుడు, లోడాష్‌లోని టెంప్లేట్ ఫంక్షన్, సమాచారాన్ని అక్షరాల వరసగా రాసే జేసన్ సరిగ్గా ఉందో లేదో చూసే ఏజేవీ, టెంప్లేట్ కంపైలర్‌తో కలిసి వచ్చే వ్యూ జేఎస్ పూర్తి బిల్డ్, ఇవన్నీ వేగం కోసం అక్కడికక్కడ ఫంక్షన్లు తయారుచేస్తాయి. వీటన్నిటికీ ముందే కంపైల్ చేసుకునే దారి ఒకటి ఉండటం ఊరట. వ్యూలో అయితే రన్‌టైమ్ మాత్రమే ఉన్న బిల్డ్ తీసుకుంటే సరిపోతుంది.

అన్నిటికంటే చిరాకు పెట్టే రూపం వేరే ఉంది. లైబ్రరీలు ఏవీ లేని, పది లైన్ల యాడ్-ఆన్‌కీ ఈ ఎర్రర్ వస్తుంది. వెబ్‌ప్యాక్‌ని డెవలప్‌మెంట్ మోడ్‌లో నడిపితే అది ప్రతి మాడ్యూల్‌నీ ఎవాల్‌లో చుట్టి పెడుతుంది, బిల్డ్ వేగంగా అవ్వాలని. సోర్స్ మ్యాప్ సెట్టింగ్ మారిస్తే ఎర్రర్ మాయం. అది తెలియక లైబ్రరీలు ఒక్కొక్కటే పీకేస్తూ కూర్చున్న రాత్రి నాకూ ఒకటుంది.

ఈ నిషేధం అవసరమా అన్నదాని మీద వాదన ఇంకా చల్లారలేదు. గూగుల్ చెప్పేది ఏమిటంటే, స్టోర్‌లో పరిశీలించిన కోడ్ ఒకటి, జనం కంప్యూటర్‌లో నడిచేది ఇంకొకటి అయితే ఇక పరిశీలనకి అర్థం లేదు. ఇందులో న్యాయం ఉంది. యాడ్-ఆన్ అన్నది మన బ్యాంకు పేజీని కూడా చూడగలదు. ఇంటర్నెట్‌లో పౌరహక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 2021 డిసెంబరులో వీ3ని గట్టిగా విమర్శించింది. దుర్బుద్ధి ఉన్న యాడ్-ఆన్ వెబ్ ట్రాఫిక్‌ని చూస్తూ ఉండటానికి వీ3లోనూ అడ్డు లేదని, దెబ్బ తినేది ప్రకటనలనూ ట్రాకర్లనూ ఆపే మంచి యాడ్-ఆన్లేనని ఆ సంస్థ వాదన. ఫైర్‌ఫాక్స్ వీ3ని తీసుకున్నా, ప్రకటనలను ఆపేవాళ్లకి కావలసిన పాత సదుపాయాన్ని ఉంచేసింది. నా మటుకు ఎవాల్ నిషేధం వరకు గూగుల్ మాటే సబబు అనిపిస్తుంది. ప్రకటనలను ఆపేవాళ్లకి అడ్డుపడే నెట్‌వర్క్ ఆంక్షల సంగతి వేరు, ఆ రెంటినీ ఒకే మూటలో కట్టడం దగ్గరే పేచీ.

పేజీలోనే ఉన్నా పేజీకి చెందనిది

కంటెంట్ స్క్రిప్ట్ గది చిత్రమైనది. పేజీలోని టెక్స్ట్, బటన్లు అన్నీ కనిపిస్తాయి. పేజీ సొంత జావాస్క్రిప్ట్ మాత్రం కనిపించదు. సైట్‌లో జేక్వెరీ అనే లైబ్రరీ ఉన్నా మన స్క్రిప్ట్‌కి అది లేనట్టే, మనం తెచ్చుకుంటే మనది వేరే కాపీ. దీన్ని ఐసొలేటెడ్ వరల్డ్ అంటారు. బ్రౌజర్‌లోనే ఉండే డెవలపర్ పనిముట్ల, అంటే డెవ్‌టూల్స్, కన్సోల్‌లో "$" కొట్టి చూస్తే ఏదో ఫంక్షన్ కనిపిస్తుంది కాబట్టి జేక్వెరీ ఉందనుకుంటాం. జేక్వెరీ లేని పేజీలోనూ కన్సోల్ తనే ఆ పేరుతో ఒక షార్ట్‌కట్ ఇస్తుంది. పైగా కన్సోల్ మామూలుగా పేజీ ప్రపంచంలో ఉంటుంది, మన స్క్రిప్ట్ ప్రపంచంలో కాదు. పైన "టాప్" అని కనిపించే జాబితాలో మన యాడ్-ఆన్ పేరు ఎంచుకుంటే తప్ప మనం చూస్తున్నది వేరే గది.

మన అర్థాల బుడగని లిట్ లాంటి వెబ్ కాంపొనెంట్ లైబ్రరీతో కట్టామనుకోండి. క్రోమ్ కంటెంట్ స్క్రిప్ట్‌లో, అలాంటి సొంత ట్యాగ్‌లను నమోదు చేసే కస్టమ్ ఎలిమెంట్స్ అన్న పేరు ఉంటుంది, దాని విలువ మాత్రం నల్, అంటే ఏమీ లేదు. "కెనాట్ రీడ్ ప్రాపర్టీస్ ఆఫ్ నల్, రీడింగ్ డిఫైన్" అని ఎర్రర్ వస్తుంది. అదే బుడగ పాపప్‌లో అందంగా కనిపిస్తుంది. అదే లైబ్రరీ, అదే వెర్షన్, అదే బ్రౌజర్. మారింది గది ఒక్కటే.

ఫైర్‌ఫాక్స్‌లో నడిచింది, క్రోమ్‌లో పడిపోయింది

ఫైర్‌ఫాక్స్ 2023 జనవరిలో వెర్షన్ 109తో వీ3కి మద్దతు ఇచ్చింది. తెర వెనక మాత్రం సర్వీస్ వర్కర్ పెట్టలేదు, అవసరమైనప్పుడు లేచి పనయ్యాక పడుకునే బ్యాక్‌గ్రౌండ్ పేజీనే ఉంచింది. అంటే అక్కడ విండో ఉంది, డాక్యుమెంట్ ఉంది, పాత ఆక్సియోస్‌కి కావలసినదీ ఉంది. కాబట్టి మనం పైన చూసిన 0.21 ఫైర్‌ఫాక్స్‌లో కిమ్మనకుండా నడుస్తుంది. "క్రోమ్‌లో బగ్ ఉంది" అని తేల్చేయడానికి ఇంతకంటే మంచి అవకాశం దొరకదు, తేల్చినది తప్పే అయినా.

రెండు బ్రౌజర్ల మధ్య తేడాని పూడ్చడానికి, ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా ఒక పాలీఫిల్ ఇస్తోంది. పాలీఫిల్ అంటే లేనిదాన్ని ఉన్నట్టు నటించి చూపే కోడ్. అది చాలావాటిని సర్దుతుంది కానీ అన్నిటినీ కాదు. కంటెంట్ స్క్రిప్ట్‌కీ బ్యాక్‌గ్రౌండ్‌కీ మధ్య సందేశాలు పంపేటప్పుడు ఫైర్‌ఫాక్స్ వస్తువుని వస్తువుగానే కాపీ చేస్తుంది. క్రోమ్ మామూలుగా జేసన్‌గా మార్చి పంపుతుంది. అర్థాలన్నీ ఒక మ్యాప్‌లో (పేరుకో విలువ జతచేసి దాచే వస్తువు) పెట్టి పంపితే ఫైర్‌ఫాక్స్‌లో అవతలికి మ్యాప్‌గానే చేరుతుంది. క్రోమ్‌లో ఖాళీ వస్తువుగా చేరుతుంది. "గెట్ ఈజ్ నాట్ ఎ ఫంక్షన్" అని ఎర్రర్ వచ్చేది మాత్రం బుడగ గీసే లైబ్రరీ దగ్గర. తిట్లన్నీ దానికే పడతాయి. దారిలో సరుకు ఎక్కడ మాయమైందో దానికేం తెలుసు?

అతుకు వేయాలా, మార్చేయాలా, వదిలేయాలా?

విండో లేదంటే ఒక ఉత్తుత్తి విండో సృష్టించి పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు ఉన్నారు. ఎక్కువసార్లు ఇది దున్నపోతు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టే. విండో ఉందని నమ్మిన లైబ్రరీ రెండు అడుగులు వేసి డాక్యుమెంట్ అడుగుతుంది, తర్వాత ఇంకోటి. ఉత్తుత్తి ప్రాసెస్ పెడితే కొన్ని లైబ్రరీలు తాము నోడ్‌లో ఉన్నామనుకుని ఇంకో దారి పడతాయి. అయితే లైబ్రరీ విండోని ఒక్క చోట, అదీ కోడ్‌లో ఎక్కడి నుంచైనా అందే గ్లోబల్ పేర్ల కోసమే వాడుతోందని తెలిస్తే ఆ అతుకు చక్కగా పనిచేస్తుంది. లోపల చూసి వేస్తే మందే, చూడకుండా వేస్తేనే చిక్కు.

రెండో పక్షం, డామ్ (పేజీలోని భాగాలను కోడ్‌కి అందించే నిర్మాణం) కావలసిన పనిని డామ్ ఉన్న గదికే పంపమంటుంది. క్రోమ్ 109 నుంచి ఆఫ్‌స్క్రీన్ డాక్యుమెంట్ అని ఒక ఏర్పాటు ఉంది, కనబడకుండా తెరుచుకునే చిన్న పేజీ. హెచ్‌టీఎంఎల్‌ని విడగొట్టి చదివే లైబ్రరీలకి ఇది బాగుంటుంది. బదులుగా ఇంకో గది, ఇంకో సందేశాల దారి మన నెత్తిన పడతాయి. పైగా ఫైర్‌ఫాక్స్‌లో ఆ ఏర్పాటు లేదు.

అసలు లైబ్రరీలే వద్దనే మూడో పక్షానికీ కారణాలున్నాయి. 2018 నవంబరులో ఈవెంట్-స్ట్రీమ్ అనే ప్యాకేజీ ద్వారా లోపలికి దూరిన దొంగ కోడ్ ఒక బిట్‌కాయిన్ వాలెట్‌ని గురిపెట్టినట్టు బయటపడింది. యాడ్-ఆన్‌కి ఉండే అనుమతులు తలుచుకుంటే ఆ భయం ఊరికే పుట్టింది కాదు. కానీ తేదీలు, ఎన్‌క్రిప్షన్ లాంటివి సొంతంగా రాసుకుంటే వచ్చే తప్పులు తక్కువేమీ కావు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోలేం కదా.

డెవ్‌టూల్స్ తెరిస్తే కనిపించని బగ్

ఒక రకం లోపానికి ఎర్రర్ సందేశమే ఉండదు. మన యాడ్-ఆన్ తెచ్చిన అర్థాలని ఒక క్యాష్ లైబ్రరీ మెమరీలో దాచుకుంటోంది. డెవలపర్ దగ్గర ఎప్పుడూ బాగానే ఉంటుంది. వాడేవాళ్లు మాత్రం రోజుకొకరు ఫిర్యాదు చేస్తారు, కాసేపు వదిలేసి వస్తే అన్నీ మరిచిపోతోందని.

దాదాపు 30 సెకన్లు పని లేకపోతే క్రోమ్ సర్వీస్ వర్కర్‌ని ఆపేస్తుంది. మళ్లీ పిలిచినప్పుడు కోడ్ మొదటి లైను నుంచి మొదలవుతుంది. మెమరీలో దాచినవన్నీ పోతాయి, అరగంటకొకసారి అని పెట్టిన టైమరూ పోతుంది. బ్యాక్‌గ్రౌండ్ పేజీ ఎప్పటికీ బతికే ఉంటుందని నమ్మి రాసిన లైబ్రరీకి తనకేమైందో కూడా తెలియదు. ఇంకో మెలిక ఏమిటంటే, ఏదైనా ఈవెంట్ వినాలంటే దాన్ని అందుకునే కోడ్‌ని, అంటే లిజనర్‌ని, స్క్రిప్ట్ మొదలైన వెంటనే పెట్టాలి. ముందు సెట్టింగ్‌లు చదువుకుని తీరిగ్గా లిజనర్ పెట్టే లైబ్రరీ, తనని నిద్ర లేపిన ఈవెంట్‌నే అందుకోలేకపోతుంది.

మరి డెవలపర్‌కి ఎందుకు కనిపించలేదు? సర్వీస్ వర్కర్ మీద డెవ్‌టూల్స్ తెరిచి ఉంచినంతసేపు క్రోమ్ దాన్ని ఆపదు. బగ్‌ని పట్టుకుందామని కిటికీ తెరిచి కూర్చున్నంతసేపూ బగ్ రాదు. డెవ్‌టూల్స్ మూసేసి, ఎక్స్‌టెన్షన్ల పేజీలో సర్వీస్ వర్కర్ పక్కన "ఇనాక్టివ్" అని వచ్చేదాకా చేతులు కట్టుకుని ఆగి, అప్పుడు పేజీలోకి వెళ్లి ఒక మాట మీద డబుల్ క్లిక్ చేస్తే, ఫిర్యాదు చేసినవాళ్లు చూసిందే డెవలపర్‌కీ కనిపిస్తుంది.